ఓడించండి, కానీ తప్పెవరిదో చెప్పండి

గేమ్ డిజైనర్లకు,



క్యోటోలో కూర్చుని మారియోకు కొత్త గెంతులు నేర్పేవారికీ, హైదరాబాద్ స్టూడియోల్లో ఫోన్ ఆటలకు లెవెళ్లు పేర్చేవారికీ కలిపి రాస్తున్న ఉత్తరం ఇది. రాస్తున్నవాడు విమర్శకుడు కాదు, టోర్నమెంట్లు గెలిచిన మొనగాడూ కాదు. టీవీకి తగిలించే క్యాసెట్ల కాలం నుంచి ఫోన్ల కాలం దాకా ఆడుతూ వచ్చిన మామూలు ఆటగాడు. గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయో, కథ ఎలా ఉందో మీకు చెప్పడానికి బోలెడుమంది ఉన్నారు. ఈ ఆటగాడు చూసేది ఒక్కటే: ఓడిపోయినప్పుడు, ఆ తప్పు ఎవరిదో తెలుస్తోందా లేదా? తెలిస్తే మళ్లీ ఆడతాడు. తెలియకపోతే తిట్టుకుంటూ ఆడతాడు. ఓడించిన మరుక్షణం గెలుపును వెల కట్టి చూపిస్తే మాత్రం ఆ ఆటను ఫోన్లోంచి పీకేస్తాడు.

ముందు మీరు బాగా చేసిన పని గురించి.

1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొదటి స్టేజీ తీసుకోండి. తెరకు ఎడమ పక్కన మారియో నిలబడి ఉంటాడు. కుడి వైపు నుంచి గుర్రుగా చూస్తూ గూంబా నడిచి వస్తుంది. ఏం చేయాలో తెలియక నిలబడితే అది తగిలి మారియో చస్తాడు. పోయింది కొన్ని సెకన్లే. దాంతో రెండు సంగతులు తెలిసిపోతాయి: అది తగలకూడదు, దాన్ని దాటాలంటే ఎగరాలి. ఆ తరువాత ప్రశ్న గుర్తున్న డబ్బాను తలతో కొడితే పుట్టగొడుగు బయటికొస్తుంది. చూడటానికి అదీ గూంబా లాగే ఉంటుంది కాబట్టి కొత్తవాడు తప్పించుకోవాలనే చూస్తాడు. అది కుడివైపు జారుకుంటూ పోయి, పచ్చ గొట్టానికి తగిలి వెనక్కి తిరుగుతుంది. పైకి ఎగురుదామంటే నెత్తిన ఇటుకలు. తప్పించుకోవడానికి చోటే లేదు, తగులుతుంది. మారియో పెద్దవాడవుతాడు. తెరమీద ఒక్క ముక్క రాయకుండా, ఏది మంచో ఏది చెడో షిగెరు మియమోటో బృందం చెప్పేసింది. ఇన్నేళ్ల తరువాత కూడా, ఆట మొదట్లో పావుగంటసేపు బాణం గుర్తులతో "ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి" అని చేయి పట్టుకుని నడిపించే ఫోన్ ఆటలను చూస్తే ఆ స్టేజీ మీ వాళ్లలో ఎంతమంది ఆడారా అన్న అనుమానం వస్తుంది.

అదే కాలానిది డక్ హంట్. తెలుగిళ్లలో దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు, అది "బాతుల ఆట". బాతులు తప్పించుకుపోతే గడ్డిలోంచి కుక్క లేచి కిసుక్కున నవ్వుతుంది. ఆ కుక్కను కాల్చాలని చూడని పిల్లవాడు లేడు, ఇంట్లో ఆడే వెర్షన్‌లో అది కుదరదు. నవ్వు వెటకారంగానే ఉన్నా అబద్ధం కాదు. ఆటతో వచ్చే బొమ్మ గన్ను ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు సేపు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం వెలుగుతుంది. గన్ను గొట్టంలో ఉన్న సెన్సర్‌కు ఆ వెలుగు కనిపిస్తే తగిలినట్టు, కనిపించకపోతే తప్పినట్టు. అందులో దాపరికం ఏమీ లేదు. పిల్లలు కూడా తెలివైనవాళ్లే, గన్నును టీవీకి ఆనించి కాల్చేవాళ్లు. ఆ లెక్కంతా పాత డబ్బా టీవీ బొమ్మ గీసే వేగం మీద ఆధారపడింది కాబట్టి ఇవాళ్టి పల్చటి టీవీల దగ్గర ఆ గన్ను పనిచేయదు. అది వేరే బాధ.

కాంట్రాలో ఒక్క తూటా తగిలితే ఒక ప్రాణం పోతుంది. కష్టమే. అయితే మొదటి తెర మీద పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ నొక్కితే ముప్పై ప్రాణాలు. ఈ కోడ్ పుట్టింది కాంట్రాలో కాదు. అంతకుముందు గ్రేడియస్ ఆటను ఇంట్లో టీవీకి తగిలించే ఫామికామ్‌కు తెస్తున్నప్పుడు, పరీక్షించి చూడటానికి తనకే కష్టంగా ఉందని కజుహిసా హషిమోటో పెట్టుకున్నది. ఆట తయారుచేసినవాడికే ఆట కష్టమైతే దాచుకోకుండా దారి వదిలాడు. పైసా అడగలేదు.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఇంకో రకం నిజాయితీ. 1989లో జోర్డాన్ మెక్నర్ దాదాపు ఒంటరిగా చేసిన ఆట. తమ్ముడు పరుగెత్తుతుంటే, గెంతుతుంటే వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్క ఫ్రేము చొప్పున బొమ్మలుగా మార్చాడు. అందుకే రాకుమారుడు ఆగమంటే అక్కడికక్కడ ఆగడు, రెండడుగులు జారి ఆగుతాడు. ఇందులో ప్రాణాలకు లెక్కలేదు, ఎన్నిసార్లయినా చావొచ్చు. ఉన్నది అరవై నిమిషాలు. చచ్చిన ప్రతిసారీ పోయేది కాలమే. శూలాల మీద పడినప్పుడు కోపం రాకుమారుడి మీద రాదు, తొందరపడి షిఫ్ట్ కీ వదిలేసిన వేలి మీద వస్తుంది.

ఇక నెట్ సెంటర్ల కాలం. గంటకు ఇంతని కట్టి కూర్చున్న కుర్రాళ్ల దృష్టిలో కంప్యూటర్ అంటే వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్, నీడ్ ఫర్ స్పీడ్. రాక్‌స్టార్ వాళ్ల వైస్ సిటీ 2002లో ప్లేస్టేషన్ 2 మీద, మరుసటి ఏడు పీసీ మీద వచ్చింది. ఆ ఆటలో చాలామంది మిషన్లు చేసేవాళ్లు కాదు. చీట్ కోడ్ కొట్టి ట్యాంకు తెప్పించుకుని ఊరంతా తిరిగేవాళ్లు. అలా తిరగనివ్వడమే ఆ ఆట గొప్పతనం, దానికి ఎన్ని మార్కులైనా వేయొచ్చు. మిషన్ల దగ్గరకొస్తే మాత్రం "హెలికాప్టర్ మిషన్" అన్న రెండు మాటలు చాలు, ఆ తరంలో ఎవరి ముఖమైనా మాడిపోతుంది.

అసలు పేరు డిమాలిషన్ మ్యాన్. వ్యాన్‌లో కూర్చుని బొమ్మ హెలికాప్టర్ నడుపుతూ, కడుతున్న భవనంలో నాలుగు బాంబులు నాలుగు అంతస్తుల్లో పెట్టాలి. గడువు ఏడు నిమిషాలు. కీబోర్డు మీద ఎడమచేయి పైకీ కిందికీ లేపుతుంది, కుడిచేయి నంబర్ ప్యాడ్ మీద ముందుకూ పక్కకూ తిప్పుతుంది. ఇదివరకు ఆటలో ఎక్కడా ఈ రెండు చేతుల పని నేర్పలేదు. లోపల పనివాళ్లు కొడతారు, రెక్క గోడకు గీసుకుంటే దెబ్బ. కిటుకు ఏమిటంటే, మొదటి బాంబు ఎత్తేదాకా గడియారం మొదలే కాదు. అంతస్తులన్నీ తీరిగ్గా చూసుకుని, అడ్డమొచ్చేవాళ్లను రెక్కతో కొట్టేసి, ఆ తరువాత బాంబు ముట్టుకుంటే పని సగం సులువు. ఈ సంగతి ఆట చెప్పదు, పక్క కుర్చీలో ఉన్న అన్నయ్య చెప్పాలి. ఆ మిషన్ కష్టంగా ఉండటం తప్పు కాదు. కొత్త విద్య నేర్పకుండానే దానిమీద పరీక్ష పెట్టడం తప్పు. ఇది ఇరవై ఏళ్ల తరువాత కూడా కొట్టివేయదగ్గ నేరం కాదని ఈ ఆటగాడి తీర్పు.

నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ (2005) గురించి మాట్లాడేటప్పుడు కాస్త మనసు చంపుకోవాలి. రేజర్ అనేవాడు మోసంతో మన బీఎండబ్ల్యూ లాక్కోవడం, పదిహేనుమంది బ్లాక్‌లిస్టును ఒక్కొక్కరినే దాటుకుంటూ పోవడం, పోలీసు ఛేజుల్లో పెట్రోలు బంకు కూల్చి వెనకవాళ్లను ఆపడం... ఇంత కసిగా ఆడించిన కార్ల ఆట ఇంకోటి రాలేదు. అయితే రేసుల్లో మీరు చేసిన దొంగపని అందరూ చూశారు. ఎంత తప్పుల్లేకుండా నడిపినా వెనక కారు రబ్బరు కట్టి లాగినట్టు వచ్చి అంటుకుంటుంది. వెనకబడితే ముందున్నవాడు నెమ్మదిస్తాడు. రేసు చివరిదాకా ఉత్కంఠ ఉండాలని చేశారు, సరే. కానీ మొదటి రెండు ల్యాపుల్లో బాగా నడిపినదానికి విలువేమిటి? చివరి మలుపులో జారినవాడు అంతకుముందు ఎంత బాగా నడిపాడో ఆ ఆట లెక్కలోకే తీసుకోదు.

ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07 సంగతి విచిత్రం. నిజం చెప్పాలంటే ఆటగా అది అంతంతమాత్రం. ఒకే బంతికి ఒకే షాటు కొడితే ఓసారి సిక్సు, ఓసారి మిడాఫ్‌లో క్యాచ్, ఎందుకో తెలియదు. మరి ఇన్నేళ్లు ఎలా బతికింది? దాని తరువాత ఈఏ మళ్లీ క్రికెట్ జోలికి రాలేదు. 2008లో ఐపీఎల్ మొదలయ్యాక అభిమానులే జెర్సీలు, జట్లు, స్టేడియాలు తయారుచేసి ప్యాచ్‌లుగా పంచుకున్నారు. రిచీ బెనో, మార్క్ నికోలస్ కామెంటరీ వింటూ పాత ఆటలోనే కొత్త సీజన్లు ఆడుకున్నారు. ఇన్ని కోట్లమంది క్రికెట్ పిచ్చివాళ్లున్న దేశం ఉండగా ఆ కుర్చీని అలా వదిలేసిపోవడం ఏ వ్యాపార తెలివో ఈ ఆటగాడికి అంతుపట్టలేదు.

పనిలో పనిగా ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 వాళ్లకు ఒక మాట. 1999 నాటి ఆటకు 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా చేర్చి, ద్రావిడులను పెట్టారు. వాళ్లకు వూట్జ్ స్టీల్ అన్న విద్య ఇచ్చారు. అది నేర్చుకున్న సైనికుల దెబ్బకు ఎదుటివాడి కవచం ఉన్నా లేనట్టే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు ఆ ఉక్కు కరిగించేవారు, పర్షియా వర్తకులు కొనుక్కుపోయేవారు. ఆ సంగతి తెలిసిన తెలుగువాడు ఆ బటన్ నొక్కేటప్పుడు కాస్త ఛాతీ విరుచుకుంటే తప్పులేదు. ద్రావిడులకు నైట్ల దళం ఇవ్వలేదని సణిగేవాళ్లు ఉన్నారు. దక్షిణాదికి మంచి గుర్రాలు సముద్రం మీదుగా, బోలెడు డబ్బు పోస్తే వచ్చేవి, కాబట్టి మీరు చేసిందే సబబు.

మళ్లీ దారిలోకి. ఓటమి గురించి మాట్లాడుతూ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ పేరెత్తకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. 2011 డార్క్ సోల్స్ నుంచి 2022 ఎల్డెన్ రింగ్ దాకా హిదెతాకా మియజాకి బృందం చేసిందంతా ఓటమితోనే వ్యవహారం. ఎల్డెన్ రింగ్‌లో మొదట అడ్డుపడే పెద్ద శత్రువు మార్గిట్. చేతికర్ర పైకెత్తుతాడు, ఎత్తి అలాగే పట్టుకుంటాడు. మిగతా ఆటలు ఆడి వచ్చినవాడు కర్ర లేవగానే పక్కకు దొర్లుతాడు. దొర్లి లేచేసరికి కర్ర దిగుతుంది. వాడు కొట్టింది ఆటగాడి కంగారును. రెండు మూడుసార్లు చచ్చాక కర్రను కాదు, భుజాన్ని చూడాలని తెలుస్తుంది. అంతకుమించిన గురువు లేడు. అప్పటికీ గెలవలేకపోతే వదిలేసి పక్క ఊళ్లు తిరిగి బలం పెంచుకుని రావొచ్చు, దారి మూసేయలేదు.

అదే ఆటలో మలేనియా అనే శత్రువు దగ్గర మాత్రం ఒప్పుకోవడం కష్టం. ఆమె కత్తి డాలుకు తగిలినా ఆమె ఆరోగ్యం పెరుగుతుంది. గాల్లోకి లేచి చేసే ఆ కత్తుల నాట్యం దగ్గరున్నవాడికి కంటికి ఆనదు. చచ్చినవాడికి ఏం చేసుండాల్సిందో తెలియదు, వీడియోలు చూసి నేర్చుకోవాలి. ఆట చివర వచ్చే ఎల్డెన్ బీస్ట్ ఇంకో తలనొప్పి. కొట్టబోతే మైదానం ఆ చివరకు పోతుంది, కాళ్లీడ్చుకుంటూ వెంట పరుగెత్తాలి. అందరూ ఇదేం గోల అన్నారు. 2024లో మీరే ఒక ప్యాచ్ వదిలి అక్కడ గుర్రం ఎక్కనిచ్చారు. అంటే గోల పెట్టినవాళ్లు ఆట రానివాళ్లు కాదన్నమాట.

ఇప్పుడు అంకెల విషయం. ఇది అన్నిటికన్నా ఆసక్తికరం. 2012 ఎక్స్‌కామ్‌లో సైనికుడు గ్రహాంతరవాసి ఎదురుగా తుపాకి ఎక్కుపెడతాడు. తెర మీద 95 శాతం అని ఉంటుంది. కాలిస్తే గురి తప్పుతుంది. ఆటగాడు కుర్చీలోంచి లేచిపోతాడు. నిజానికి ఇరవైలో ఒకటి తప్పడమే లెక్క. మనిషి బుర్ర మాత్రం 95ను వందగానే చదువుకుంటుంది. సివిలైజేషన్ చేసిన సిడ్ మయర్ 2010లో డిజైనర్ల సభలో ఇదే చెప్పాడు: మూడుకు ఒకటి అని బలాబలాలు చూపించిన యుద్ధంలో పెద్ద పక్షం ఓడితే జనం ఒప్పుకోలేదు, చివరకు లెక్కనే వాళ్ల మనసుకు తగ్గట్టు మార్చాల్సి వచ్చింది. ఎక్స్‌కామ్‌లోనూ సులువు స్థాయిల్లో ఆటగాడికి కనపడని సాయం పెట్టారు. జపాన్ వాళ్ల ఫైర్ ఎంబ్లమ్ ఇంకో అడుగు ముందుకేసింది. 2002 నుంచి ఆ వరుసలోని చాలా ఆటల్లో ఒక యాదృచ్ఛిక సంఖ్య బదులు రెండు తీసి వాటి సగటు చూస్తారు. దాంతో తెర మీద 90 అని ఉంటే నిజంగా తగిలే అవకాశం 98. పది అని ఉంటే రెండుకు కాస్త పైన.

ఇది అబద్ధమే. కానీ ఆటగాడి పక్షాన చెప్పిన అబద్ధం. దీనికి ఈ ఆటగాడు అడ్డుచెప్పడు, ఎందుకంటే దీనివల్ల మీకు పైసా రాలేదు. ఆటగాడి మీద చెప్పే అబద్ధం, అందునా జేబుకు చిల్లు పెట్టేది, వేరే జాతి. దాని దగ్గరికి వచ్చే ముందు రెండు ఆటలకు దండం పెట్టాలి.

ఒకటి 2018 సెలెస్టే. కొండ ఎక్కే అమ్మాయి కథ. వందలసార్లు చస్తారు, చచ్చిన క్షణంలోనే అదే తెర మొదటి నుంచి మళ్లీ ఆట. గట్టు అంచు దాటి గాల్లోకి వచ్చేశాక కూడా సెకనులో పదో వంతు సేపు ఎగరడం పనిచేస్తుంది. ఆటగాడికి అది తెలియదు, సరిగ్గా అంచు మీదే నొక్కాననుకుంటాడు. మరీ కష్టమైతే ఆట వేగం తగ్గించుకునే ఏర్పాటు మెనూలోనే ఉంది. రెండోది 2020 హేడిస్. అందులో గాడ్ మోడ్ పెట్టుకుంటే దెబ్బల తీవ్రత మొదట 20 శాతం తగ్గుతుంది, ఓడిన ప్రతిసారీ ఇంకో రెండు శాతం, 80 దాకా. ఆ అంకె దాచిపెట్టలేదు. ఓడి ఇంటికొచ్చిన హేడిస్ కొడుకును చూసి నిద్రమొహం హిప్నోస్ ఏదో ఒక సలహా పారేస్తాడు, చాలావరకు పనికిమాలినదే. నవ్వొస్తుంది, మళ్లీ వెళ్లాలనిపిస్తుంది.

ఇక కాండీ క్రష్. 2012లో మొదలై, మూడు తరాలు ఒకే ఇంట్లో ఆడుకునేంత విస్తరించింది. రంగులు, శబ్దాలు, మిఠాయిలు పగిలేటప్పటి ఆ కులుకు, అన్నీ చక్కగా చేశారు. ఆటలో ఐదు ప్రాణాలు. ఒక్కొక్కటి తిరిగి రావడానికి అరగంట. ఎత్తులు అయిపోయి ఇంకొక్క జెల్లీ మిగిలిపోయినప్పుడు తెర ఏమంటుందో చూడండి: బంగారు కడ్డీలు ఇస్తే ఇంకో ఐదు ఎత్తులు. మరి ఓడిపోయింది ఎవరి తప్పు? పైనుంచి ఏ రంగు మిఠాయి రాలుతుందో ఆడే మనిషి చేతిలో లేదు. అదే లెవెల్ నిన్న పదిసార్లు ఓడి, ఇవాళ తొలిసారికే గెలిచిన పిన్నిగారు తనకు ఆట వచ్చేసిందనుకుంటారు. రాలేదు, ఇవాళ మిఠాయిలు కలిసొచ్చాయి. ఆ ఆట తయారుచేసిన కింగ్ కంపెనీని యాక్టివిజన్ 590 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది ఈ ఐదు ఎత్తుల బేరం చూసే అని ఈ ఆటగాడి అనుమానం.

ఉచిత ఆట కదా, డబ్బు ఎలా సంపాదించాలి అంటారు. సరే, డబ్బు పెట్టి కొన్న ఆటల్లో ఏం చేశారు? 2017 నవంబరులో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 విడుదలకు ముందు డార్త్ వేడర్‌గా ఆడాలంటే అరవై వేల క్రెడిట్లు సంపాదించాలన్నారు. ఆడి సంపాదించాలంటే దాదాపు నలభై గంటలని ఆటగాళ్లు లెక్కగట్టారు. తెరిచేదాకా లోపల ఏముందో తెలియని లూట్ బాక్సులు మాత్రం డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. హీరోను కష్టపడి సాధించుకుంటే గర్వంగా ఉంటుందన్న ఈఏ జవాబుకు రెడ్డిట్‌లో ఆరు లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడి, గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. ధర పదిహేను వేలకు దించారు, విడుదల ముందురోజు ఆటలో కొనుగోళ్లే ఆపేశారు. మరుసటి ఏడు బెల్జియం లూట్ బాక్సులను జూదం కింద లెక్కకట్టింది. 2018 అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీది ఇంకో తీరు. ప్రాచీన గ్రీసును అంత అందంగా కట్టి, కథ ముందుకు కదలాలంటే లెవెల్ పెరగాలని అడ్డుకట్టలు వేసి, అనుభవం పాయింట్లు శాశ్వతంగా సగం ఎక్కువ వచ్చే బూస్టును దుకాణంలో పెట్టారు. ఒక్కడే కూర్చుని ఆడుకునే ఆటలో! విసుగు మీరే పుట్టించి, దానికి మందు మీరే అమ్మితే ఆ విసుగు కావాలనే పుట్టించలేదని ఎలా నమ్మాలి?

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని కట్టడి చేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు ఆటల మీద దేశమంతటికీ చట్టం చేసింది. ఆ చట్టం పట్టుకున్నది, గెలిస్తే డబ్బొస్తుందని ఆశపెట్టి పందెం కాయించే ఆటలను. ఐదు ఎత్తుల బేరం గురించి అడగాల్సింది చట్టాన్ని కాదు, మిమ్మల్నే.

చివరిగా, మన కుర్రాళ్లు అన్నిటికన్నా ఎక్కువ ఆడిన పబ్‌జీ గురించి. 2020 సెప్టెంబరు 2న నిషేధించారు, 2021 జులైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జులైలో మళ్లీ తీసేశారు, 2023 మేలో తిరిగొచ్చింది. ఈ రాకపోకల మధ్య ఎవరూ గట్టిగా మాట్లాడని విషయం బాట్లు. వందమంది దిగే దీవిలో కొందరు మనుషులు కారు, కంప్యూటర్ నడిపే బొమ్మలు. కొత్తగా వచ్చినవాడికి ఇంకా ఎక్కువ తగులుతాయి. నిలబడి దిక్కులు చూస్తాయి, గురి పెట్టడం రాదు, తూటాలు తినడానికే ఉన్నట్టు ఉంటాయి. 2020లో పీసీ వెర్షన్‌లో బాట్లు పెడుతున్నామని కంపెనీయే చెప్పింది. కొత్తవాడు మొదటి రోజే చితికిపోకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ తెలియకుండా గెలిపించడం కూడా తెలియకుండా ఓడించడం లాంటిదే. వారంపాటు చికెన్ డిన్నర్లు, అంటే గెలుపులు, కొట్టినవాడు ఎనిమిదో రోజు నిజం మనుషుల మధ్య దిగి ముప్పై సెకన్లలో పోతాడు. తన ఆట ఎక్కడ చెడిందో వాడికి అర్థం కాదు, చెడలేదు కాబట్టి.

మ్యాచ్ అయ్యాక మీరు చూపించే పట్టికలో ఎంతమందిని చంపాడో, ఎంత నష్టం చేశాడో, ఎంతసేపు బతికాడో అన్నీ ఉన్నాయి. చంపినవాళ్లలో మనుషులెందరో, బాట్లెన్నో చెప్పే గడి ఒకటి అక్కడ చేర్చండి.

ఇట్లు,
ఒక ఆటగాడు